తీగ ఎత్తు చూశాకే గెడ పొడవు: కంచె కోసే మిషనుతో చేయవలసినవి – చేయకూడనివి

కోనసీమలో పొడుగాటి కర్ర లేని పెరడు అరుదు. మామిడికాయకి దోటి, దాని చివర చిక్కం. మునక్కాడకి కొక్కెం కర్ర. కొబ్బరికాయకి గెడకు బిగించిన కత్తి. ఈ వరసలో ఇప్పుడు లాంగ్ రీచ్ హెడ్జ్ ట్రిమ్మర్ కూడా చేరింది. కర్ర చివర రెండు వరసల పళ్ళున్న బ్లేడు, చేతి దగ్గర మీట, నడిపించడానికి బ్యాటరీ, పెట్రోలు, లేదంటే కరెంటు. నొక్కితే పళ్ళు ముందుకీ వెనక్కీ ఆడుతూ కొమ్మల్ని కొరికేస్తాయి.

దీని అవసరం ఎందుకొచ్చిందో ఊళ్ళు చూస్తే తెలుస్తుంది. అమలాపురం కొత్త కాలనీల్లోనూ, రాజోలు వైపు గల్ఫ్ సంపాదనతో లేచిన డాబాల చుట్టూనూ, కొత్తపేట రోడ్డు వారనూ పాత తాటాకు దడులు పోయి ప్రహరీలు వచ్చాయి. ప్రహరీకి ఆనించి మందార, నూరువరహాలు, దురంత, కాగితంపూలు. చాలావరకు గౌతమికి అవతల కడియం, కడియపులంక నర్సరీల నుంచి తెచ్చినవే. నాటిన రోజున నడుమెత్తు ఉంటాయి. గోదావరి ఒండ్రు మట్టి, ఏడాది పొడవునా తేమ. నాలుగు వానాకాలాలు గడిచేసరికి గోడ దాటి తొమ్మిది పదడుగులు పోతాయి. తొలకరికి ముందొకసారి, సంక్రాంతికి ఇల్లు సర్దుకునేటప్పుడు ఒకసారి కోయాలి. కోసే మనిషి దొరకడు. దొరికినా రేపొస్తానంటాడు. అప్పుడు ఇంటాయన ఫోన్లో మిషన్లు వెతకడం మొదలెడతాడు, ‘ఎంత పొడుగుదైతే అంత మంచిది’ అనుకుని మరీ.

అసలు చిక్కంతా ఆ అనుకోవడంలోనే ఉంది. ఏడాదికి రెండు రోజులు వాడే మిషనుకి పొడవు గొప్ప కాదు. మన నేల మీద, మన తీగల కింద, ఎక్కువైన ప్రతి అడుగూ ప్రమాదమే.

కొనే ముందు చేయవలసినది: తలెత్తి చూడడం

కంచె పొడుగునా ఒకసారి నడవండి. మొక్కల్ని కాదు, వాటి పైన ఏముందో చూడండి. వీధి స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు, వీధి వెంట వెళ్ళే ఎల్టీ లైను, కొబ్బరితోట మీదుగా పోయే 11 కేవీ లైను, పక్కింటివాళ్ళు మోటారుకి లాగిన తీగ, కేబుల్ టీవీ వైర్లు. ఏది ఏ తీగో పోల్చుకోలేకపోతే అన్నిటిలోనూ కరెంటు ఉన్నట్టే లెక్క.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం వీధికి అడ్డంగా దాటే 11 కేవీ లైను నేల నుంచి కనీసం 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. వీధి కాని చోట, అంటే తోటల్లో, ఖాళీ స్థలాల్లో, తొడుగు లేని తీగ 4.6 మీటర్ల ఎత్తులో ఉన్నా నిబంధన ప్రకారం సరిపోయినట్టే. 4.6 మీటర్లంటే పదిహేనడుగులు. 2.7 మీటర్ల ట్రిమ్మరుని మామూలు ఎత్తు మనిషి భుజం దాకా ఎత్తి నిటారుగా పట్టుకుంటే బ్లేడు కొస 4.1 మీటర్ల దగ్గర ఉంటుంది. అతను రెండడుగుల అరుగు ఎక్కాడా, 4.7 మీటర్లు. తీగ తగిలిపోయింది.

మన దగ్గర ఈ లెక్క ఇంకా బిగుసుకుపోతుంది. పల్లపు నేల కాబట్టి ఇల్లు కట్టేముందు మట్టి తోలించి మెరక చేసుకుంటాం. లైను వేసిననాటి నేల వేరు, ఇవాళ మీరు నిలబడ్డ నేల వేరు. రెండు మూడడుగులు మెరక చేసిన చోట తీగ ఆ మేరకు కిందికి దిగినట్టే. పైగా ఎండాకాలంలో లైను వేడికి సాగి మధ్యలో వేలాడుతుంది. తొలకరికి ముందు కోత సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది.

ఈ మిషన్ల వెంట వచ్చే పుస్తకాల్లో కరెంటు తీగల నుంచి కనీసం 10 మీటర్లు, కొన్నిటిలో 15 మీటర్లు దూరం ఉండాలని రాసి ఉంటుంది. మన పెరళ్ళలో సగం ఆ దూరానికి లొంగవు. లొంగకపోతే ఆ వైపు కంచెకి ఈ మిషను పనికిరాదు, అంతే. తీగల దగ్గర కొమ్మలు కొట్టడం విద్యుత్ సంస్థ పని. కోనసీమకి ఏపీఈపీడీసీఎల్, 1912కి ఫోన్ చేయండి, లేదా మీ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటుకి చెప్పండి. వాళ్ళు లైను ఆపించి, ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకుని కొడతారు. రావడానికి రెండు రోజులు పట్టొచ్చు. పట్టనివ్వండి.

కర్ర దేనితో చేసినా తీగ దగ్గర దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు

అల్యూమినియం గెడతో కొబ్బరికాయలో మామిడికాయలో కోస్తుంటే కరెంటు తీగ తగిలి మనిషి పోయాడన్న వార్త పేపర్లో ఎప్పుడూ ఏదో ఊరి పేరుతో కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి అల్యూమినియం సంగతి జనానికి తెలుసు. తెలియనిది మిగతా వాటి సంగతి. తేలిగ్గా ఉంటుందని ఖరీదైన మిషన్లకి కార్బన్ ఫైబర్ గొట్టం వేస్తారు. దాని గుండా కూడా కరెంటు పారుతుంది. ఫైబర్ గ్లాసు పొడిగా ఉన్నంతసేపు ఫరవాలేదు గానీ, తడి, బురద, ఆకుల పసరు అంటుకుంటే దాని మీదా భరోసా ఉండదు. మన పాత వెదురు గెడా అంతే. పచ్చి వెదురు, మంచులో తడిసిన వెదురు రెండూ కరెంటుకి దారి ఇస్తాయి.

‘డబుల్ ఇన్సులేషన్’ అని పెట్టె మీద రాసి ఉందిగా అంటారు కొందరు. అది మిషను లోపలి మోటారు పాడైతే మీకు షాకు కొట్టకుండా చేసిన ఏర్పాటు. పైనున్న తీగకి దానితో సంబంధం లేదు. రబ్బరు చెప్పులదీ అదే కథ. 11 కేవీ ముందు హవాయి చెప్పు ఎంతటిది! ఆ లైనుకి బ్లేడు తగలక్కర్లేదు కూడా, మరీ దగ్గరికి పోతే గాలిలోంచే దూకొచ్చు.

‘కరెంటు పోయింది, ఇప్పుడు కోసేద్దాం’ అనకండి. పోయిన కరెంటు ఏ నిమిషాన వస్తుందో సబ్ స్టేషన్ వాళ్ళకి తప్ప మనకి తెలియదు. పక్క ఇంటి జనరేటరు సరిగ్గా బిగించకపోతే అటునుంచి లైనులోకి కరెంటు ఎక్కే ప్రమాదమూ ఉంది. లైను చచ్చిందని విద్యుత్ శాఖ మనిషి స్వయంగా చెప్పి, అక్కడే నిలబడితే తప్ప అది బతికున్నట్టే.

షాపులో చేయవలసినవి

ముందు కంచె ఎత్తు కొలవండి. ఎనిమిదడుగుల కంచెకి మిషను మొత్తం పొడవు రెండు మీటర్లుంటే చాలు; మీ చేతుల ఎత్తు కూడా కలుస్తుందిగా. గొట్టం సాగేది, లేదా ముక్కలుగా ఊడదీసేది అయితే మంచిది. కింద భాగానికి పొట్టిగా, పైకి మాత్రమే పొడుగ్గా వాడుకోవచ్చు.

బ్యాటరీ తగిలించి చేతికివ్వమనండి. బరువు అడిగితే చాలాసార్లు బ్యాటరీ లేని బరువు చెబుతారు. ఇంటి వాడకం బ్యాటరీ మిషన్లు సుమారు మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. పెట్రోలువి ఇంకా బరువు. కిలోల సంఖ్య చూసి తేలికే అనుకోకండి, బ్లేడు, దాన్ని ఆడించే గేర్లు కర్ర చివర ఉంటాయి. నిండు బిందెని చాచిన చేత్తో పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. షాపులోనే అడ్డంగా చాచి ఒక నిమిషం పట్టుకోండి. చెయ్యి వణికితే ఆ మిషను మీది కాదు. ఇంట్లో దాన్ని వాడేది పెద్దాయనైతే పరీక్ష ఆయనే చేయాలి, ఆయన కోసం కొనే కొడుకు కాదు. భుజానికి తగిలించుకునే పట్టీ ఉందో లేదో కూడా చూడండి.

బ్లేడు తల వంగాలి. కంచె నెత్తిని చదునుగా కోయాలంటే కింద నిలబడి బ్లేడుని అడ్డంగా తిప్పుకోగలగాలి. వంగని బ్లేడున్న మిషను కొన్నవాడు చివరికి నిచ్చెన ఎక్కుతాడు. అప్పుడు పొడుగు మిషను కొని లాభం ఏముంది?

పళ్ళ మధ్య సందు చూడండి. ఇంటి మిషన్లలో రెండు సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. చూపుడువేలంత కొమ్మ దాకా దానికి లొంగుతుంది. బొటనవేలు దాటి ముదిరిన మందార కొమ్మకి చేతి రంపమే దిక్కు.

బ్యాటరీయా, పెట్రోలా, కరెంటా? ఏడాదికి రెండుసార్లే వాడేవాళ్ళకి బ్యాటరీదే నా ఓటు. పెట్రోలు మిషనుది చాలావరకు రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోల్లో ఆయిలు పాలు తప్పకుండా కలపాలి, ఆరు నెలలు మూల నిలబెడితే కార్బురేటర్లో పెట్రోలు జిగురు కడుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది గాల్లో తేమ పీలుస్తుంది. కోనసీమ గాలిలో తేమకి కొదవా! పండగ ముందు తాడు లాగి లాగి భుజం పట్టేయడం తప్ప ప్రయోజనం ఉండదు. వైరుతో నడిచే కరెంటు మిషను చవక, తేలిక కూడా. కానీ తడి నేల మీద ముప్పై గజాల వైరు ఈడ్చుకుంటూ, పైకి చూస్తూ కింద బ్లేడుకి వైరు అందకుండా కాచుకోవడం మన పెరట్లో అయ్యే పని కాదు. అదే కొనాలనుకుంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) ఉన్న ప్లగ్గుకే తగిలించండి, నేల ఎండిన రోజునే వాడండి, వైరుకి టేపు చుట్టిన అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు.

అమెరికా నుంచి అబ్బాయి తెస్తానంటే రెండు మాటలు ముందే చెప్పండి. అక్కడి చార్జర్లు చాలావరకు 120 వోల్టులకే చేసినవి. మన 230లో పెడితే కాలిపోతాయి. చార్జరు మీద 100–240 అని ఉంటేనే నేరుగా పెట్టాలి. రెండోది విమానం సంగతి. లిథియం బ్యాటరీని విడిగా తెస్తే చేతి సంచీలోనే తేవాలి. 100 వాట్ అవర్ల లోపు మామూలుగా తేవచ్చు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి, ఆపైన ప్రయాణికుడు తేవడానికి లేదు. 18 వోల్టుల 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 72 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 36 వోల్టుల 5 ఆంపియర్ అవర్లది 180. ఎయిర్‌పోర్టులో వదిలేసి రావాల్సిందే. అంతకన్నా అమలాపురంలోనో రాజమండ్రిలోనో, బ్లేడు పోతే బ్లేడు దొరికే షాపులో కొనుక్కోవడం మేలు.

చేయకూడనివి

దీనితో కొబ్బరి మట్టల జోలికి పోకండి. మట్ట మొదలు ఈ పళ్ళ సందులో పట్టదు. ఇరుక్కుంటే బ్లేడు ఆగిపోతుంది, లాగితే మట్టతోపాటు ఎండు కమ్మలు, ఒక్కోసారి కాయ నెత్తి మీదికొస్తాయి. ఆ పని దింపు కార్మికులది. చెట్టెక్కేవాళ్ళు తగ్గిపోయారని బాధపడడంలో తప్పులేదు. ఆ లోటు తీర్చే మిషను మాత్రం ఇది కాదు.

నిచ్చెన మీద నిలబడి దీన్ని వాడకండి. ప్రహరీ ఎక్కి కూడా వద్దు. డాబా మీద నుంచి వంగి అసలే వద్దు. ఇంటి గోడకి పక్కగా 11 కేవీ లైను 1.2 మీటర్ల దూరంలో ఉన్నా నిబంధన ఒప్పుకుంటుంది. డాబా అంచున నిలబడి రెండు మీటర్ల కర్ర చాచిన మనిషికి ఆ దూరం ఎంతో మీరే చూసుకోండి.

లుంగీ, భుజం మీద తువ్వాలు, వేలాడే కొంగు, ఇవేవీ మిషను దగ్గరికి రాకూడదు. పెరటి పనికి లుంగీ మనకి యూనిఫారం లాంటిదే గానీ ఈ రెండు గంటలు ప్యాంటు వేసుకోండి. కాళ్ళకి బూట్లు, కళ్ళకి అద్దాలు. అద్దాల విషయంలో నేను రాజీ పడను. పైకి చూస్తూ కోసే పని ఇది, పుల్లలూ ముళ్ళూ తిన్నగా కంట్లోకే వస్తాయి. కాగితంపూల ముల్లు కంట్లో గుచ్చుకుంటే తర్వాత ఎంత విచారించినా లాభం లేదు. టోపీ ఉంటే మేలు. పెట్రోలు మిషనుకి చెవులకి కూడా అడ్డు కావాలి.

వానలోనూ, వాన వెలిసిన వెంటనేనూ, తెల్లవారి మంచులోనూ కోయకండి. ధనుర్మాసంలో తొమ్మిది దాటితే గానీ ఆకులు ఆరవు. అంతదాకా కాఫీ తాగండి.

గన్నేరు, పచ్చగన్నేరు కోసిన రెమ్మల్ని గేదెలకి అందే చోట వేయకండి. ఎండినా వాటి విషం పోదు. పోగేసి తగలబెట్టడమూ వద్దు, ఆ పొగ మంచిది కాదు. పాలు కారే మొక్కలు కోసిన చేత్తో కళ్ళు నులుముకోకండి.

కోసే రోజు

మిషను తీసే ముందు ఒక చిన్న కర్రతో కంచెని పొడుగునా తట్టుకుంటూ వెళ్ళండి. కందిరీగల పట్టు, ఆకులు కుట్టి గూడు కట్టిన ఎర్రచీమలు, పిట్టగూడు, ఏది ఉన్నా ముందే బయటపడుతుంది. కర్ర ఎత్తి పట్టుకుని ఉన్నప్పుడు కందిరీగలు లేచాయంటే మనిషి మిషను వదిలేసి పరిగెడతాడు, బ్లేడు ఆడుతూనే కింద పడుతుంది. కంచె మొదట్లో పోగుపడిన ఆకుల్లో చెయ్యి పెట్టకండి. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి కనిపించదు. పంగల కర్రతోనే లాగండి.

పిల్లల్ని, కుక్కని లోపల ఉంచి తలుపు వేయండి. పెట్రోలు మిషన్ల పుస్తకాలు చుట్టూ 15 మీటర్లు ఖాళీగా ఉంచమంటాయి. మన ఇళ్ళ మధ్య అంత జాగా ఎక్కడిది? కనీసం వీధివైపు ఒక మనిషిని నిలబెట్టండి. అతని పని రెండే: దారినపోయేవాళ్ళని ఆపడం, పైనున్న తీగని చూడడం. కోసేవాడి కన్ను బ్లేడు మీదే ఉంటుంది. తీగ చూసే కన్ను ఇంకొకరిది కావాలి. ‘బాబాయ్, తీగ!’ అని కేకేయడానికి మొహమాటపడే మనిషిని పెట్టకండి.

రెండు చేతులూ కర్ర మీదే ఉండాలి. కోసే కొమ్మకి సరిగ్గా కింద నిలబడకుండా వారగా నిలబడండి. కింది నుంచి పైకి కోసుకుంటూ పోతే తెగిన రెమ్మలు అడ్డం పడవు. పది నిమిషాలకోసారి దించి భుజాలకి విశ్రాంతి ఇవ్వండి. పట్టు తప్పేది మొదటి పది నిమిషాల్లో కాదు, అలసట ముదిరాక, ‘ఈ ఒక్క మూల అయిపోతే’ అనుకున్నప్పుడే.

కొమ్మ ఇరుక్కుంటే మీట వదిలేసి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా చూసి, బ్యాటరీ ఊడదీసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. తల కోణం మార్చేటప్పుడూ అంతే. మీట వదిలాక కూడా పళ్ళు కాసేపు ఆడతాయి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళేటప్పుడు బ్లేడుకి తొడుగు వేయండి, కర్రని అడ్డంగా, తలకంటే కిందుగా పట్టుకుని నడవండి. నిటారుగా మోసుకెళ్తూ గేటు దగ్గర సర్వీసు వైరుకి తగిలించిన వాళ్ళున్నారు.

తుఫాను తర్వాత కంచెలో తెగిన తీగలు చిక్కుకుని ఉండొచ్చు. 1996 నవంబరు 6 రాత్రి చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, చెట్టూ స్తంభమూ తీగా కలిసి ఎలా పడతాయో. విద్యుత్ శాఖ వాళ్ళు చూసి సరేనన్నాకే కంచె దగ్గరికి వెళ్ళండి.

తీగ తగిలితే

మిషను పట్టుకున్న మనిషిని ముట్టుకోకండి. అందరికన్నా ముందు ఉరికేది ఇంట్లోవాళ్ళే, అలా రెండో ప్రాణం పోతుంది. ఇంటి కరెంటైతే మెయిన్ స్విచ్ ఆపాలి. వీధి లైనైతే, ముఖ్యంగా 11 కేవీ అయితే, ఎండు కర్రతో నెట్టే ప్రయత్నం కూడా చేయకూడదు. దూరంగా జరిగి 1912కీ, 108కీ ఫోన్ చేయండి. తీగ నేల మీద పడితే చుట్టూ తడి నేలలో కరెంటు పారుతుంది. పాదాలు ఎత్తకుండా, ఒకదానికొకటి ఆనించి చిన్నగా ఈడ్చుకుంటూ అక్కడి నుంచి బయటపడండి. లైను ఆగిందని ఖాయమయ్యాక, మనిషికి ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. లేచి ‘నాకేం కాలేదు’ అన్నా ఆస్పత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించాలి. షాకు వల్ల గుండె లయ కాసేపాగి తప్పే అవకాశం ఉంది.

మూల నిలబెట్టే ముందు

సముద్రం దగ్గరి ఊళ్ళలో, అల్లవరం, సఖినేటిపల్లి వైపు, ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. కోత అయిన రోజే బ్యాటరీ తీసి, పసరు తుడిచి, బ్లేడుకి పల్చగా నూనె రాయండి. తొడుగు వేసి, పిల్లలకి అందని చోట పడుకోబెట్టండి. బ్యాటరీని రేకుల షెడ్డులో వదలకండి. మే నెల వేడికి అది పాడవుతుంది. సగం చార్జితో ఇంట్లో పొడిగా ఉన్న చోట పెట్టి, రెండు మూడు నెలలకోసారి చూడండి. పూర్తిగా దిగిపోయిన లిథియం బ్యాటరీ మళ్ళీ లేవకపోవచ్చు. ఉబ్బినదాన్ని చార్జి పెట్టకండి.

వచ్చే సంక్రాంతికి మాత్రం భోగి ముందు రోజున తీయకండి. ధనుర్మాసం మొదలైన వారంలోనే తీసి చార్జి పెట్టి, ఒక్క రెమ్మ కోసి చూడండి. పండగ దగ్గర పడ్డాక రిపేరు చేసేవాడు ఫోన్ ఎత్తడు.